మగ్గాల కొట్టానికి ఏ.సి. కావాలా, కూలర్ చాలా?

మా కావేరిపాక్కం చెరువు చాలా పెద్దది. పల్లవ రాజుల కాలం నాటిదని పెద్దలు చెబుతారు. చెరువులో నీళ్ళున్న ఏడు, ఎండాకాలం సాయంత్రం కట్ట మీద కూర్చుంటే నీటి మీదుగా వచ్చే గాలికి ప్రాణం లేచి వస్తుంది. చెరువు ఎండిన ఏడు అదే కట్ట, అదే గాలి, కాని పొయ్యి దగ్గర కూర్చున్నట్టు మొహం మీద సెగ కొడుతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్న ఈ తేడాలో ఎంత విషయం దాగి ఉందో నాకు యాభై దాటాక గాని తెలియలేదు. అదీ గుడియాత్తంలోని మా అక్కయ్యగారి మగ్గాల కొట్టం పుణ్యమా అని!

గుడియాత్తం అనగానే మన వాళ్ళందరికీ లుంగీలు, అగ్గిపెట్టెలు గుర్తుకొస్తాయి. మా బావగారి ఇంటి వెనుక 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల కొట్టంలో నాలుగు చేమగ్గాలు ఉన్నాయి. పైన సిమెంటు రేకులు. ఒక మగ్గం మీద బావగారే కూర్చుంటారు. మిగిలిన మూడింటి మీద ఇరుగుపొరుగు వాళ్ళు కూలికి నేస్తారు. అక్కయ్య కండెలు చుడుతుంది.

రెండేళ్ళ కిందట మే నెలలో ఒక మధ్యాహ్నం బావగారు మగ్గం మీద నుంచి లేవబోయి, కళ్ళు తిరిగి, గుంజ పట్టుకొని కూలబడ్డారు. ఎండ దెబ్బ అని, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు కొట్టంలోకి పోవద్దని డాక్టరుగారు చెప్పారు. చెప్పడం సులభమే. ఆ నాలుగు గంటలు పోతే రోజులో సగం పని పోయినట్టే. పైగా కూలికి నేసే ముగ్గురి సంపాదన కూడా తరిగిపోతుంది.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఆ రాత్రే నాకు ఫోను చేశాడు. "మామా, మూడు ఏ.సి.లు పెట్టించేస్తాను. నాన్నను మీరే ఒప్పించాలి. వద్దంటే ఇక మగ్గాలు అమ్మేయమనండి. ఈ వయసులో ఆయనకు ఈ అవస్థ ఎందుకు?" అన్నాడు. కొడుకు మాటలో ప్రేమా ఉంది, కోపమూ ఉంది. అక్కయ్య మాత్రం, "బ్యాంకులో అందరి అప్పుల లెక్కలూ చూస్తావు గదా తమ్ముడూ, మా కొట్టం లెక్క కూడా కాస్త చూసి పెట్టు" అంది.

నేను చదివింది కామర్సు. జమాఖర్చులు తెలుసు గాని గాలి సంగతి నాకేం తెలుసు? అయినా కాగితం, పెన్సిలు తీసుకొని కూర్చున్నాను.

ఏ.సి. లెక్క

ఏ.సి.లను "టన్ను" లెక్కన అమ్ముతారు గదా, ఆ టన్ను యంత్రం బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డ 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని అదే వేగంతో తీసివేసే శక్తికి ఆ పేరు. విద్యుత్తు భాషలో చెబితే సుమారు 3.5 కిలోవాట్లు.

కొట్టం వైశాల్యం 800 చదరపు అడుగులు. మిట్టమధ్యాహ్నం రేకును చేత్తో తాకలేం. అంత కాలిన కప్పు నుంచి కిందికి దిగే వేడినే లెక్క కడితే మూడు టన్నులకు పైగా తేలింది. దానికి తోడు మనుషుల వేడి, సందుల్లోంచి వచ్చే వేడిగాలి. కాబట్టి ఒకటిన్నర టన్నువి మూడు ఏ.సి.లు కావాలన్న మేనల్లుడి అంచనా తప్పు కాదు.

ఇక కరెంటు. ఒక్కొక్కటి గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు కాలుస్తుందనుకుందాం. మూడూ కలిసి రోజుకు 8 గంటలు ఆడితే 36 యూనిట్లు. రెండు నెలల బిల్లులో 50 పనిదినాలకు 1,800 యూనిట్లు అవుతాయి. తమిళనాడు ప్రభుత్వం చేనేత వారికి రెండు నెలలకు ఇచ్చే ఉచిత విద్యుత్తును 2023లో 200 యూనిట్ల నుంచి 300 యూనిట్లకు పెంచింది. మిగిలిన 1,500 యూనిట్ల డబ్బు లుంగీల మీద రావాలి. అయినా ప్రాణం కన్నా డబ్బు ఎక్కువా అనుకొని, "సరే, పెట్టించు" అని మేనల్లుడితో చెప్పేశాను.

నూలు చెప్పిన తీర్పు

నా లెక్కను తిరగగొట్టింది అక్కయ్య. ఆ ఇంట్లో అప్పటికే ఒక పడకగదికి ఏ.సి. ఉంది. అక్కయ్య ఒక రాత్రి కొన్ని కండెలు ఆ గదిలో పెట్టింది. మరికొన్నింటిని ఎప్పటిలాగే కొట్టంలో మట్టినేల మీద తడిగుడ్డ కప్పి ఉంచింది. తెల్లవారి రెండు రకాలూ మగ్గం మీద వేసి చూపించింది. ఏ.సి. గదిలో పడుకున్న నూలు పెళుసెక్కి మాటిమాటికీ తెగింది. తడిగుడ్డ కింది నూలు సాఫీగా నడిచింది. "మనుషులకు చలవ చేస్తే చాలదురా, నూలుకు తేమ కావాలి" అంది అక్కయ్య. ఆవిడ చదివింది ఐదో తరగతి.

తరువాత పుస్తకాలు తిరగేస్తే జౌళి శాస్త్రం చెప్పేదీ అదే. నూరు గ్రాముల పూర్తిగా ఎండిన పత్తినూలు గాలిలోంచి 8.5 గ్రాముల తేమ పట్టుకుంటుందని వ్యాపారంలో ప్రామాణికంగా లెక్క కడతారు. తేమ పెరిగితే నూలు బలం పెరుగుతుంది, తగ్గితే పెళుసవుతుంది. అందుకే మిల్లుల్లో నేత విభాగంలో గాలి తేమను 75 నుంచి 85 శాతం దాకా ఉంచుతారు. ఏ.సి. చేసే పని దీనికి విరుద్ధం. దాని గొట్టంలోంచి బయట చుక్కచుక్కగా కారేది గది గాలిలోని తేమే, అంటే మన నూలు తాగవలసిన నీరే!

మన తాతలు గుంటమగ్గం ఎందుకు తవ్వారో అప్పుడర్థమైంది. కాళ్ళు గుంటలో, పడుగు నేలకు దగ్గరగా. మట్టిలోని చెమ్మ నూలును మెత్తగా ఉంచుతుంది, నేతగాడి కాళ్ళకు చల్లగానూ ఉంటుంది.

ఇంకొక విచిత్రం. "ఎయిర్ కండిషనింగ్" అనే మాట పుట్టిందే నూలు మిల్లుల్లో. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ ఒక అచ్చాఫీసులో కాగితం చెమ్మకు సాగకుండా యంత్రం రూపొందించాడు. 1906లో స్టువర్ట్ క్రేమర్ అనే జౌళి ఇంజనీరు, మిల్లు గాలికి తేమ కలిపే పద్ధతికి ఆ పేరు పెట్టాడు. నూలుకు తేమ ఇవ్వడానికి పుట్టిన పేరు, చివరకు తేమ తీసే పెట్టెకు స్థిరపడింది!

నూలు సుఖం, మనిషి సుఖం

అయితే కొట్టమంతా తేమతో నింపేస్తే సరిపోతుందా? అక్కడే అసలు చిక్కుంది. మనిషి ఒళ్ళు చల్లబడేది చెమట ఆరడం వల్ల. గాలిలో తేమ నిండిపోతే చెమట ఆరదు. నూలుకు హాయిగా ఉన్న చోట మనిషికి ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల్లో పంతొమ్మిదో శతాబ్దంలో సరిగ్గా ఇదే జరిగింది. నాసిరకం నూలు తెగకుండా యజమానులు నేత షెడ్లలోకి ఆవిరి వదిలేవారు. ఆ ఉక్కలో పనివాళ్ళు రోజంతా తడిసి, జబ్బుపడి, గొడవ పెట్టగా 1889లో తేమకు హద్దులు పెడుతూ పార్లమెంటు చట్టం చేసింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ 15వ సెక్షను కృత్రిమంగా తేమ పెంచడం గురించే ఉండేది. అందుకు వాడే నీరు శుభ్రమైనదై ఉండాలని కూడా అందులో ఉండేది. ఇంటి కొట్టానికి అలాంటి చట్టం వర్తించకపోవచ్చు. బుద్ధి మాత్రం వర్తిస్తుంది గదా!

కాబట్టి మేము పెట్టుకున్న నియమం ఇది: తేమ 60 నుంచి 70 శాతం మధ్య ఉండాలి, 75 దాటితే నీరు ఆపేయాలి, మనిషి మీద గాలి ఎప్పుడూ ఆడుతుండాలి. వేడిని, తేమను చూపించే చిన్న మీటరు కొద్ది వందల రూపాయలకే వస్తుంది. ఏ యంత్రం కొనే ముందైనా కొనవలసింది అదే. రెండు వారాలు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చూసి అక్కయ్య క్యాలెండరు మీద రాసింది. మే మధ్యాహ్నం రెండు గంటలకు బయట 40 డిగ్రీలుంటే కొట్టంలో 42, తేమ 27 శాతం. రోగం ఏమిటో తెలిసింది.

ముందు కప్పు, తరువాత గాలి, ఆ తరువాతే నీరు

వేడి ఎక్కడ నుంచి వస్తున్నదో అక్కడే ఆపడం అన్నిటికన్నా చవక. మా కొట్టంలో అది కప్పు. మార్చిలో రేకుల పైన జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేయించాం. తెల్లటి కప్పు ఎండను చాలావరకు తిప్పి కొడుతుంది. ఇది పల్లెటూరి చిట్కా అని తీసేయవద్దు. 2013లో వడగాలుల ప్రణాళిక మొదలుపెట్టిన అహమ్మదాబాదు నగరం తరువాత తెల్ల కప్పులనూ అందులో చేర్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసమే ఒక విధానం ప్రకటించింది. సున్నం వానలకు కరిగిపోతుంది కాబట్టి ఏటా మార్చిలో మళ్ళీ వేయాలి. ఒక హెచ్చరిక: పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పొడిగా గీకడం, రంధ్రాలు చేయడం కూడదు. తడిపి, మెత్తగా కడిగి, ముక్కుకు మాస్కు కట్టుకొని పూత వేయించాలి.

రెండోది గాలి. వేడిగాలి పైకి పోతుంది, పోవడానికి దారి ఉండాలి. కొట్టం రెండు కొసల గోడల్లో కప్పు కింద కిటికీలు తెరిపించాం. ఒక కొసన ఎగ్జాస్టు ఫ్యాను బిగించాం. పడమటి గోడకు ఎండ తగలకుండా బయట నాలుగడుగుల దూరంలో తడికె కట్టాం. కొట్టంలో నూలు పీచు ఉంటుంది కాబట్టి రేకుల మీద తాటాకు, కొబ్బరాకు పరచవద్దని బావగారే అన్నారు. నిప్పురవ్వ పడితే అంతే సంగతులు.

ఈ రెండు పనులకే కొట్టంలో 42 ఉన్నది 38కి దిగింది. అప్పటికింకా ఏ యంత్రమూ కొనలేదు.

కూలర్ ఎంపిక

ఇప్పుడు మా చెరువు గాలి సంగతికి వద్దాం. ఒక లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోంచి లాగుకునే వేడి, కరెంటు లెక్కలో సుమారు 0.67 యూనిట్లు. నిండిన చెరువు చేసే పని ఇదే. కూలర్ అంటే పెట్టెలో పెట్టిన చెరువు.

కూలర్ గాలిని ఎంత చల్లబరచగలదో ముందే తెలుసుకోవచ్చు. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి విసిరితే ఎంతకు దిగుతుందో అదే దాని హద్దు. బయట 40 డిగ్రీలు, తేమ 30 శాతం ఉన్నప్పుడు ఆ తడి థర్మామీటరు 26 దగ్గర ఆగుతుంది. మంచి కూలర్ ఆ తేడాలో నాలుగింట మూడు వంతులు సాధిస్తుంది, అంటే 30 డిగ్రీల గాలి ఇస్తుంది. అదే వానాకాలంలో బయట 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉంటే ఒకటి రెండు డిగ్రీలు తగ్గడమే గొప్ప. సముద్రం ఒడ్డునున్న చెన్నైలో కూలర్ పనికిరాదని అనేవారు, వేలూరు సీమలో బ్రహ్మాండమని అనేవారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఎంత పెద్దది కావాలి? పొడవు 40, వెడల్పు 20, ఎత్తు 12 అడుగులు హెచ్చవేస్తే 9,600 ఘనపుటడుగులు, అంటే సుమారు 272 ఘనపు మీటర్లు. వేడి కొట్టంలో గాలి గంటకు 30 సార్లు మారాలనుకుంటే గంటకు 8,160 ఘనపు మీటర్లు కావాలి. కూలర్ పెట్టె మీద ఈ అంకె రాసి ఉంటుంది. నాలుగైదు వేలది ఒకటి చొప్పున రెండు తీసుకున్నాం. అంగడిలో ట్యాంకు ఎన్ని లీటర్లని గొప్ప చెబుతారు. మనం అడగవలసింది గాలి ఎంత అని.

పెట్టే చోటూ ముఖ్యమే. కూలర్ కిటికీ బయట, ఉత్తరం వైపు నీడలో ఉండాలి. ఎదుటి కిటికీలు తెరిచి ఉంచాలి. ఏ.సి. గదిలాగా తలుపులు మూసేసి కూలర్ వేస్తే అరగంటలో కొట్టం ఆవిరి కుడుము కుండ అవుతుంది. గాలి నేరుగా పడుగు మీద కొట్టకుండా నేతగాడి వైపు తిప్పాలి.

దీనికీ ఖర్చుంది. అది నీళ్ళు. ఒక్కో కూలర్ గంటకు సుమారు 15 లీటర్లు తాగుతుంది. రెండు కూలర్లు రోజుకు ఆరు గంటలు ఆడితే 180 లీటర్లు, అంటే పన్నెండు బిందెలు. మే నెలలో మన సీమలో పన్నెండు బిందెలంటే తమాషా కాదు. అందుకని పదకొండు నుంచి ఐదు వరకే కూలర్లు. ఉదయం, సాయంత్రం ఫ్యాన్లే. ఉప్పునీటి వల్ల మెత్తలకు తెల్లటి పెచ్చు కడుతుంది, వారానికోసారి ట్యాంకు ఖాళీ చేసి కడగాలి. నిలవ నీటిలో దోమలు, వాసన వస్తాయి. నీరు, కరెంటు ఒకే చోట ఉంటాయి కనుక మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తు, లీకేజి ట్రిప్పరు తప్పనిసరి.

కార్తీకం తడి, మార్గశిరం చలి

మన వైపు వేడి పెట్టె అవసరం లేదు. తెల్లవారుజామున చలికి వేళ్ళు బిగుసుకుంటే ఉత్తరపు కిటికీలు మూసి, తూర్పు తలుపు తెరిస్తే ఎండ చూసుకుంటుంది. అసలు సమస్య ఈశాన్య రుతుపవనాల వానల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు తేమ ఎక్కువై గంజి పెట్టిన పడుగు ఆరదు, అంటుకుంటుంది, బూజు పడుతుంది. కూలర్లకు సెలవిచ్చి, మెత్తలు ఆరబెట్టి, మూతలు కట్టేయాలి. నూలు చిలపలు నేల మీద కాక పలకల మీద పెట్టాలి. వాన వెలిసిన వేళ చూసి ఎగ్జాస్టు వేయాలి.

కొందరు పడుగు ఆరడానికి కొట్టం మూసి బొగ్గుల కుంపటి పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. మూసిన చోట బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు, వాసన ఉండవు. నిద్ర పట్టినట్టే ఉండి ప్రాణం పోతుంది.

చివరి లెక్క

రెండు కూలర్లు ఒక్కొక్కటి 200 వాట్లు, రోజుకు ఆరు గంటలు, 50 రోజులకు 120 యూనిట్లు. దీపాలకు 24. పాత ఫ్యాన్లు నాలుగు పది గంటల చొప్పున తిరిగితే 150 యూనిట్లు, మొత్తం 294. ఉచితం 300 గనుక అంచు మీద నడిచినట్టుంది. 30 వాట్ల కొత్తరకం ఫ్యాన్లు వేశాక వాటి వంతు 60కి దిగి, మొత్తం 204 అయింది. ఎగ్జాస్టుకు పోయినా ఇంకా మిగులే. సున్నం, కిటికీలు, ఫ్యాన్లు, కూలర్లు అన్నీ కలిసి యాభై వేల లోపు. మూడు ఏ.సి.ల ఖరీదులో సగం కూడా కాలేదు. చేతిలో డబ్బు లేనివారికి 2015లో మొదలైన ముద్ర పథకంలో "శిశు" రుణం యాభై వేల వరకు ఉంది. ఏ.సి.లకు అప్పు చేస్తే కంతుతో పాటు కరెంటు బిల్లూ తరుముతుంది.

మరుసటి మే నెలలో నేను గుడియాత్తం వెళ్ళాను. మధ్యాహ్నం రెండు గంటలు. బయట 40. కొట్టంలో మీటరు 32 డిగ్రీలు, 62 శాతం చూపించింది. మిల్లు కొలతకు ఇంకా తక్కువే, కాని పడుగు కింద తడిగుడ్డలు పరిచేసరికి నూలు తెగడం బాగా తగ్గింది. నాలుగు మగ్గాలూ ఆడుతున్నాయి. బావగారు నాడె ఆపకుండానే, "ఏం బావా, నీ చెరువు బాగానే పనిచేస్తోంది" అన్నారు.

అన్నీ బాగున్నాయని చెప్పను. 43 డిగ్రీలు దాటిన రోజు ఒంటి గంట నుంచి మూడు వరకు ఇప్పటికీ మగ్గాలు ఆపవలసిందే. నీళ్ళ బండి రాని రోజు కూలరూ లేదు. ఆ రెండు గంటలు నలుగురు నేతగాళ్ళూ ఇంట్లోని ఏ.సి. పడకగదిలో చాపలు పరుచుకొని విశ్రాంతి తీసుకుంటారు. పాత ఏ.సి. మొరాయిస్తే మేనల్లుడే కొత్తది పంపాడు. మూడు కొంటానన్నవాడు ఒకటి కొన్నాడు, అదీ మనుషులకు. కండెలు మాత్రం ఆ గది గడప దాటవు. అక్కయ్య ఆజ్ఞ!

మగ్గాలు అమ్మే మాట ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు. మన వాళ్ళలో ఇంటి వెనుక మగ్గమో, కుట్టు మిషనో, వడ్రంగి బల్లో పెట్టుకొని బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎండాకాలం ముందు అంగడికి పరుగెత్తే బదులు ఒక మీటరు కొని, క్యాలెండరు మీద రెండు వారాలు రాసి చూడండి. ఆ తరువాత చేతిలో ఉన్న పనిని అడగండి, తేమ కావాలో పొడి కావాలో అదే చెబుతుంది. కొయ్యకు, కుట్టు బట్టకు, నూలుకు జవాబు ఒకటే కాదు. కాని కప్పుకు సున్నం వేయమని, పనిచేసే మనిషి మీద గాలి ఆడనివ్వమని మాత్రం అన్నీ ఒకే మాట చెబుతాయి.